సిచ్లిడ్ తొట్టి అడుగున ఏ చేప?

ఫ్లవర్‌హార్న్‌నో ఆస్కార్‌నో పెంచేవాళ్లకు కొన్నాళ్లు గడిచేసరికి తొట్టి అడుగు మీదికి చూపు మళ్లుతుంది. పెద్ద చేప పైన ఠీవిగా తిరుగుతుంటే అడుగు బోసిగా కనిపిస్తుంది, తినగా మిగిలిన మేత అక్కడే పేరుకుంటుంది. అడుగున తిరిగే చేపను ఒకదాన్ని వేస్తే అందానికి అందం, శుభ్రానికి శుభ్రం అనిపిస్తుంది. సిచ్లిడ్‌లు పోట్లాటకు పేరుపడ్డ చేపలు కాబట్టి దెబ్బలకు తట్టుకునే మొండి చేపే కావాలంటారు. ఆ మాట విన్న దుకాణదారు సాధారణంగా చూపించేది వేలెడంత పొడవుండి, ఒంటినిండా మచ్చలతో, నోటితో అద్దానికి అతుక్కుని ఉండే సక్కర్ చేపనే. ధర కూడా తక్కువే. మొండితనం ఒక్కటే చూసుకుంటే ఈ ఎంపికలో తప్పేమీ లేదు. కానీ మొండితనాన్ని చిట్టచివర చూడాలి. చేప పూర్తిగా ఎదిగాక ఎంత అవుతుంది, మన నీళ్లకు సరిపోతుందా, సిచ్లిడ్ తనదనుకునే చోటు కోసం దానితో పోటీ పడుతుందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఓర్పు సంగతి. ఈ వరుస తిరగబడితే ముందు తొట్టి చెడుతుంది, తర్వాత ఊరి చెరువుకు ముప్పు వస్తుంది. బత్తలపల్లి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతాల నీళ్లనూ ఎండలనూ దృష్టిలో పెట్టుకుని చూస్తే ఈ వరుస ఎందుకు ముఖ్యమో మరింత స్పష్టమవుతుంది.

సిచ్లిడ్ కుటుంబం మనకు తెలియనిదేమీ కాదు. చెరువుల్లో, కాలువల్లో విరివిగా పడే జిలేబీ చేప, అంటే తిలాపియా, ఈ కుటుంబానిదే. ఆఫ్రికాకు చెందిన మొజాంబిక్ తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. పుట్టుకతో భారతదేశానివైన సిచ్లిడ్‌లు మూడే మూడు. కేరళవాళ్లు కరిమీన్ అని ఇష్టంగా వండుకునే చేప వాటిలో ఒకటి. మిగిలిన జాతుల్లో ఎక్కువ భాగం ఆఫ్రికా సరస్సులవి, మధ్య, దక్షిణ అమెరికా నదులవి. ఆస్కార్ అమెజాన్ ప్రాంతపు చేప. ఫ్లవర్‌హార్న్ మాత్రం ఏ నదిలోనూ పుట్టలేదు, మధ్య అమెరికా సిచ్లిడ్‌లను కలిపి 1990లలో మలేషియాలో రూపొందించిన సంకరం అది. ఇన్ని రకాల సిచ్లిడ్‌లకూ ఉన్న ఉమ్మడి గుణం పిల్లల్ని కాపాడుకోవడం. చాలా చేపలు గుడ్లు వదిలి వెళ్లిపోతాయి, సిచ్లిడ్‌లు కాపలా కాస్తాయి. జిలేబీ చేప మగది చెరువు అడుగున గుంట తవ్వుతుంది, గుడ్లు పెట్టాక ఆడది వాటిని నోట్లో దాచుకుని పొదుగుతుంది. కాన్విక్ట్ వంటి మధ్య అమెరికా చేపలు రాతి మీదో గుహలోనో గుడ్లు పెట్టి, ఆడా మగా కలిసి చుట్టుపక్కలకు ఏ చేపనూ రానివ్వవు. వాటిని పోట్లాటకు పురికొల్పేది ఎక్కువగా ఈ కాపలా బుద్ధే.

అడుగు చేప సిచ్లిడ్ దారికి అడ్డు రాదనీ, పైన తిరిగేది పైన, కింద తిరిగేది కింద ఉంటాయనీ తరచుగా చెబుతుంటారు. సిచ్లిడ్ జీవితం తెలిస్తే ఈ మాట నిలవదు. అది గూడు కట్టేది, గుడ్లు పెట్టేది, సరిహద్దు గీసుకునేది అడుగునే. కాబట్టి మనం తెచ్చే కొత్త చేప నేరుగా గొడవ జరిగే చోటికే దిగుతుంది. ఆకారంలో, రంగులో తనను పోలిన చేపను సిచ్లిడ్ ముందుగా తరుముతుంది, దాన్ని పోటీదారుగా గుర్తిస్తుంది. బల్లపరుపు పొట్టతో, మీసాలతో, రాళ్ల సందున దూరి ఉండే చేపను చూస్తే ఆ కోపం కొంత తగ్గుతుంది. రెండు చేపలు తిరిగే వేళలు వేరైనా మేలే. సిచ్లిడ్ పగటి చేప, మీసాల చేపల్లో చాలావరకు చీకటి పడ్డాక బయటికి వస్తాయి. శరీర రక్షణ కూడా కావాలి. మీసాల చేపలకు వీపు రెక్కలోనూ పక్క రెక్కల్లోనూ ముళ్లు ఉంటాయి, భయం వేసినప్పుడు వాటిని నిటారుగా బిగించుకుంటాయి. అమెజాన్ సక్కర్ జాతులకు ఒంటినిండా ఎముక పలకలు ఉంటాయి. లోచ్ చేపలకు కంటి కింద మడత ముల్లు ఉంటుంది. వీటన్నిటికీ మించి, ఒంటికి సరిపడే గూడు కావాలి. ఎంత గట్టి ఒళ్లున్న చేపైనా దాక్కునే చోటు లేకపోతే రోజూ తరిమివేతకు గురై, మేత అందక నీరసించి చనిపోతుంది.

ఒంటి రక్షణ ఉన్నంత మాత్రాన ఏ చేపైనా పనికొస్తుందని అనుకోకూడదు. కోరిడోరాస్ అనే బుల్లి మీసాల చేప చాలా దుకాణాల్లో దొరుకుతుంది, నెమ్మదైన తొట్టికి చక్కటి చేప. దాన్ని ఆస్కార్ ఉన్న తొట్టిలో వేస్తే ఆస్కార్ ఒక్క గుక్కలో మింగబోతుంది. చిన్న చేప ముళ్లు బిగించుకోవడంతో అది గొంతులో అడ్డం పడుతుంది, చాలాసార్లు రెండూ చస్తాయి. సిచ్లిడ్ నోట్లో పట్టే చేప దానికి మేతే అన్నది ఇక్కడ మరవకూడని నియమం. అటు మరీ పెద్దదయ్యే చేపా కుదరదు. చిన్నప్పుడు ముచ్చటగా కనిపించే రెడ్‌టెయిల్ క్యాట్‌ఫిష్ మీటరు దాటి పెరుగుతుంది, షార్క్ పేరుతో అమ్మే పంగాస్ పిల్లా అంతే. ఏ ఇంటి తొట్టీ వాటికి సరిపోదు. సిచ్లిడ్ మింగలేనంత పెద్దగా, తొట్టి మోయగలిగినంత చిన్నగా ఉండే జాతిని ఎంచుకోవాలి. అలాంటివి ఉన్నాయి, కాకపోతే వాటిని పేరు పెట్టి అడిగి తెప్పించుకోవాలి.

ఇక నీళ్ల విషయం. శ్రీ సత్యసాయి జిల్లాలోని బత్తలపల్లి చుట్టుపక్కల, మొత్తంగా పాత అనంతపురం జిల్లాలో, బోరు నీళ్లు కఠినంగా ఉంటాయి, చాలాచోట్ల ఫ్లోరైడ్ కూడా ఎక్కువే. వాన తక్కువ, భూగర్భ నీరు రాతి పొరల్లో ఏళ్ల తరబడి నిలిచి ఖనిజాలను కరిగించుకుంటుంది. మెత్తని, ఆమ్ల గుణమున్న నీళ్లలో పుట్టిన అమెజాన్ చేపల్లో సున్నితమైనవాటికి ఈ నీళ్లు పడవు. తూర్పు ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యీకా సరస్సుల చేపలకు మాత్రం పుట్టింటి నీళ్లు ఇలాగే ఉంటాయి. మలావీ పీహెచ్ 8కి అటూ ఇటూ, టాంగన్యీకాది 9కి దగ్గరగా ఉంటుంది. మధ్య అమెరికా సిచ్లిడ్‌లకూ, వాటి సంకరమైన ఫ్లవర్‌హార్న్‌కూ కఠిన జలం ఇబ్బంది కాదు. కాబట్టి ఈ ప్రాంతంలో ఆఫ్రికా సరస్సుల సిచ్లిడ్‌లను పెంచేవాళ్లకు అడుగు చేపగా అదే సరస్సుల సైనోడాంటిస్ జాతులు తగినవి. పెట్రికోలా పేరుతో అమ్మే చిన్న సైనోడాంటిస్ పది సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఆగిపోతుంది, అందుకే చిన్న సైజు మలావీ చేపల మధ్య చక్కగా ఇముడుతుంది. దానికంటే కొంచెం పెద్దది సైనోడాంటిస్ మల్టిపంక్టాటస్. ఇది టాంగన్యీకాలో సిచ్లిడ్‌లు గుడ్లు పెట్టే సమయం చూసి మధ్యలో దూరి తన గుడ్లు కలిపేస్తుంది, తల్లి సిచ్లిడ్ తన గుడ్లతో పాటు వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. అక్కడ మీసాల పిల్లలు ముందే గుడ్లలోంచి బయటపడి సిచ్లిడ్ పిల్లల్ని తినేస్తాయి. పోట్లాట మారి సిచ్లిడ్‌ల మధ్య బతకడానికే కాదు, వాటి చేత పిల్లల్ని పెంచుకోవడానికి కూడా అలవాటు పడిన చేప ఇది. ఒకే సరస్సులో కలిసి పెరిగిన జీవులకు ఒకదాని తీరు ఒకదానికి తెలుసు. ఎంపికలో ఇంతకంటే బలమైన ఆధారం ఉండదు.

ఇక్కడ మొండితనం అంటే దెబ్బలకు ఓర్చుకోవడం ఒక్కటే కాదు. ఎండాకాలం గది నీడలోనూ తొట్టి నీరు 32, 33 డిగ్రీలకు చేరుతుంది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల దాకా కరిగే ప్రాణవాయువు 35 డిగ్రీల దగ్గర 7 కంటే తక్కువకు పడిపోతుంది. చేపకు వేడిలో అది ఇంకా ఎక్కువ కావాలి, కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే ముందుగా ఉక్కిరిబిక్కిరయ్యేది వ్యర్థాలు కుళ్లే అడుగునే. దీనికి తోడు కఠిన, క్షార జలంలో అమ్మోనియా మరింత విషమవుతుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విష రూపంలో ఉండేది ఒక శాతం కంటే తక్కువ, పీహెచ్ 8కి చేరితే 5 శాతం దాటుతుంది. నీరు 30 డిగ్రీలకు వేడెక్కితే అది ఏడెనిమిది శాతం దాకా పోతుంది. అంటే సరిగ్గా మన నీళ్లలో, మన ఎండల్లో, మిగిలిపోయిన మేత, పేరుకున్న విసర్జన ఎక్కువ హాని చేస్తాయి. అడుగు చేపను వేసే ముందు ఫిల్టరు బలమెంత, నీళ్లు మార్చే అలవాటు ఉందా అని చూసుకోవాలి. వారానికి పావు వంతు నీరు మార్చే ఇంట్లో సరిగ్గా ఎంచుకున్న చేప బతుకుతుంది. ఆ అలవాటు లేని చోట ఎంత మొండి చేపైనా మెల్లగా నశిస్తుంది.

సక్కర్ చేపను సమర్థించేవాళ్లు చెప్పే మొదటి మాట, అది తొట్టిని శుభ్రం చేస్తుందని. చిన్న వయసులో అద్దం మీది పాచిని కొంత తినే మాట నిజమే. కానీ తిన్నది విసర్జనగా బయటికి రావలసిందే. పెద్ద సక్కర్ చేప రోజంతా వదిలే మలం పక్కనున్న సిచ్లిడ్ మలానికి తీసిపోదు. వయసు పెరిగే కొద్దీ పాచి మీద దాని ఆసక్తి తగ్గి, గుళికల మేత మీదికి మళ్లుతుంది. ఆకలితో ఉన్నదైతే రాత్రిపూట పక్క చేప ఒంటి మీది జిగురు పొరను నాకి పుండు చేస్తుంది. చేప వల్ల చెత్త మాయం కాదు, రూపం మారుతుంది అంతే. శుభ్రం చేసేది ఫిల్టరులోని సూక్ష్మజీవులు, నీళ్లు మార్చే మనిషి. పరిమాణం లెక్కేసి చూస్తే ఈ సంగతి ఇంకా తేలిపోతుంది. దుకాణంలో వేలెడంత ఉన్న ఈ జాతి 40, 50 సెంటీమీటర్లు పెరగగలదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో పట్టేది సుమారు 56 లీటర్లు. అందులో ఆ చేప ఎదిగాక వెనక్కి తిరగడానికే చోటు చాలదు. నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఎత్తు ఉన్న 250 లీటర్ల తొట్టిలో కూడా పెద్ద ఆస్కార్‌తో కలిపి దాన్ని ఉంచడం ఇరుకే. చోటు చాలని చేపను ఏం చేయాలన్న ప్రశ్న రెండు మూడేళ్లలో తప్పకుండా వస్తుంది. చెరువులో వదిలేయడం దానికి చాలామంది కనుక్కునే జవాబు.

ఆ జవాబు ఫలితం ఇప్పటికే మన కళ్ల ముందు ఉంది. అలంకరణకు తెచ్చిన సక్కర్ చేపల్లో సెయిల్‌ఫిన్ అనే జాతి ఆంధ్ర, తెలంగాణల నీటి వనరుల్లో వ్యాపించింది. జాలర్లు దాన్ని దెయ్యం చేప, రాకాసి చేప అంటున్నారు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో ఉండే జన్యు ఆనవాళ్లను పరీక్షించే పద్ధతితో గాలించి, తూర్పు కనుమల ప్రాంతపు నీటి వనరుల్లో సుమారు 60 శాతానికి ఈ చేప పాకిందని తేల్చారు. ఒంటి మీది పలకలు, ముళ్లు వలలను చింపుతాయి. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, దానివల్ల గట్లు బలహీనపడతాయి. అడుగున మేసే మన ఎర్రమోసు వంటి చేపలతో మేతకు పోటీ పడుతుంది. మార్కెట్లో కొనేవాళ్లు లేరు. నీటిలో ప్రాణవాయువు పడిపోయినా పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. సిచ్లిడ్ తొట్టిలో మనం దేన్ని చూసి ఈ చేపను ఎంచుకున్నామో, అదే ఓర్పు బయట దాన్ని ఆపలేని శత్రువుగా మార్చింది.

రాయలసీమ ఎండ నేల కదా, చెరువులు ఎండిపోతే ఈ చేప ఎలా బతుకుతుందని కొందరు అడుగుతారు. ఈ ఆక్షేపణకు రెండు జవాబులు ఉన్నాయి. తడి ఉన్న బొరియలో చాలాకాలం బతకగల చేప ఇది, నాలుగు చినుకులకే మళ్లీ బయటికి వస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఈ సీమ నీళ్ల చిత్రం మారింది. చిత్రావతి మీద పార్నపల్లి దగ్గర బ్యాలెన్సింగ్ రిజర్వాయరు ఉంది. హంద్రీ నీవా పథకం శ్రీశైలం నుంచి కృష్ణా జలాలను ఎత్తిపోస్తూ పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరు దాకా తెస్తోంది. కరువు నేలకు ఇది పెద్ద వరం. కానీ ఒకప్పుడు విడివిడిగా ఎండిపోయే చెరువులు ఇప్పుడు కాలువలతో ఒకదానికొకటి కలుస్తున్నాయి, అందువల్ల ఒక చెరువులో పడ్డ చేప అక్కడే ఉండిపోతుందని నమ్మలేం. ఒక్క చేప వదిలితే ఏమవుతుందని మరికొందరు అంటారు. వదిలేవాళ్లంతా అనుకునేది అదే, ఒక్కొక్కటిగా వదిలిన చేపలే జంటలవుతాయి. జిలేబీ చేప కథ మనకు తెలిసిందే. తిండి కోసం చెరువుల్లో పెంచుదామని మంచి ఉద్దేశంతో తెచ్చినా, విపరీతంగా పిల్లలు పెట్టి మన చేపల చోటు ఆక్రమించింది. అది కనీసం కూరకు పనికొస్తుంది, సక్కర్ చేప ఆ పాటి మేలూ చేయదు.

అలాగైతే మన చెరువుల్లోని అడుగు చేపనే తెచ్చుకుంటే సరిపోదా అన్న వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. మన నీళ్లకు, ఎండకు అలవాటు పడ్డవి కాబట్టి జెల్ల, ఇంగిలాయి, బొమ్మిడాయి వంటివాటికి ఓర్పు ఎక్కువ. పొరపాటున తప్పించుకున్నా పరాయి ముప్పు కావు. కానీ ఒక్కొక్కదానికి ఒక్కో చిక్కు ఉంది. ఇంగిలాయి పక్క ముల్లు విషపూరితం, తొట్టి కడిగే చేతికి గుచ్చుకుంటే తీవ్రమైన నొప్పి. బొమ్మిడాయి ఇసుకలో దూరి బతికే చేప, గులకరాళ్ల మీద ఒళ్లు గీరుకుపోతుంది, మూత సందు దొరికితే బయటికి జారిపోతుంది. చారల జెల్లను పెద్ద తొట్టిలో, దాని నోటికి చిక్కనంత పెద్ద సిచ్లిడ్‌లతో పెంచవచ్చు, అయితే చెరువు నుంచి పట్టిన చేపను కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి పురుగులు, జబ్బులు లేవని చూసుకున్నాకే కలపాలి. ఉత్తర భారత నదుల యోయో లోచ్ కూడా మన దేశపు చేపే, కాన్విక్ట్ స్థాయి సిచ్లిడ్‌లతో ఐదారు కలిసి గుంపుగా ఉంటే నిబ్బరంగా తిరుగుతుంది, ఫ్లవర్‌హార్న్ పక్కన మాత్రం వేయకూడదు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను ఏ పేరుతో ఇచ్చినా తీసుకోవద్దు. స్థానిక చేపలను మింగి వ్యాపించే దాని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది.

సక్కర్ చేపే కావాలనుకునేవాళ్లకు బ్రిసిల్‌నోస్ అనే చిన్న జాతి ఉంది. ముక్కు చుట్టూ కొమ్మల్లాంటి మెత్తని పోగులుండే ఈ చేప 12 నుంచి 15 సెంటీమీటర్లకు ఆగిపోతుంది, కఠిన జలానికి సర్దుకుంటుంది, పాచిని పెద్దయ్యాక కూడా తింటుంది. రాత్రి దీపం ఆర్పాక దోసకాయ ముక్క వేస్తే దాని కడుపు నిండుతుంది. గూళ్లకు మన ప్రాంతంలోనే మంచి వస్తువులు ఉన్నాయి. తాడిపత్రి, కడప బండలు సున్నపురాయివి, నీటి కఠినత్వాన్ని కాస్త పెంచుతాయి కాబట్టి ఆఫ్రికా సరస్సుల తొట్టికి బాగా కుదురుతాయి. నీరు మారకూడదనుకుంటే నల్లరాయి ముక్కలు, పగిలిన మట్టికుండలు వాడుకోవచ్చు. అడుగు చేపలు ఎన్ని ఉంటే అంతకంటే ఒకటి ఎక్కువ గూళ్లు ఉండాలి, గూటి నోరు అడుగు చేప దూరేంత, సిచ్లిడ్ దూరలేనంత ఉండాలి. వీలైతే అడుగు చేపను ముందు వేసి, అది చోటు చూసుకున్నాక సిచ్లిడ్‌ను దించాలి. సిచ్లిడ్ అప్పటికే ఉంటే రాళ్లన్నీ జరిపి, సరిహద్దులు చెరిపేసి, దీపం ఆర్పాక కొత్త చేపను వదలాలి. ఫ్లవర్‌హార్న్ పెంచేవాళ్లు తరచుగా కల్లుప్పు వేస్తుంటారు. పొలుసులు లేని మీసాల చేపలు ఉప్పునూ రాగి కలిసిన మందులనూ అంతగా తట్టుకోలేవు, ఆ అలవాటు మానలేకపోతే వాటిని తేవద్దు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. రెండు మూడడుగుల తొట్టిలో ఎదిగిన మగ ఫ్లవర్‌హార్న్ ఒక్కటే ఉంటే దానికి తోడు అక్కరలేదు. అడుగు బోసిగా ఉందన్న బాధ చూసే మనదే, చేపది కాదు. నాలుగడుగులు దాటిన తొట్టి, బలమైన ఫిల్టరు, నీళ్లు మార్చే ఓపిక ఉన్నప్పుడే అడుగు చేప ఆలోచన చేయాలి. కొనే ముందు దుకాణదారుణ్ణి చేప పేరు, పూర్తిగా ఎదిగితే ఎంత పొడవు అవుతుందో అడగండి. ఈ రెండూ చెప్పలేని చేపను తీసుకోకండి. ఇప్పటికే ఇంట్లో ఉన్న సక్కర్ చేప తొట్టికి మించి పెరిగితే దుకాణానికి తిరిగి ఇవ్వండి, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు అప్పగించండి. ధర్మవరం చెరువులోనైనా, చిత్రావతిలోనైనా, ఊరి పక్క కుంటలోనైనా దాన్ని మాత్రం వదలకండి.